రెండో దారి

మార్చి నెల. ఆర్మూరు చుట్టూ కల్లాల్లో పసుపు ఎండుతోంది. రాత్రిపూట కూడా ఆ వాసన రోడ్డు మీదికి వస్తుంది. పెర్కిట్ దాటాక రోడ్డు పక్కన మోకాటి లోతు గుంత, దాని అంచున పట్టా పరుచుకొని ఇద్దరు కుర్రాళ్లు కూర్చున్నారు. పొద్దున నీళ్ల పైపు కోసం తవ్వుతుంటే జేసీబీ పన్ను తగిలి ఒక నల్ల కేబుల్ తెగింది. అప్పటి నుంచి దాని మీద ఆధారపడ్డ వీధుల్లో నెట్ లేదు. "సార్, బండి లైటు జర ఇటు కొట్టున్రి" అని అడిగితే అటు తిప్పి, పని అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఈ అధ్యాయం ఆ గుంత దగ్గర మొదలైంది.

నల్ల తొడుగు కోస్తే లోపల రంగురంగుల గొట్టాలు, వాటి లోపల జిగట జిగటగా గ్రీజులాంటి పదార్థం, అందులో మునిగి వెంట్రుకల్లాంటి గాజు పోగులు. వాటిని లెక్కపెట్టడానికి రంగులే గుర్తు: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబీ, సముద్రపు నీలం. చాలా దేశాల్లో ఇదే వరుస. ఆ కేబుల్లో 24 పోగులున్నాయి. ఒక్కో పోగు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుతురు నడిచేది మాత్రం దాని నడిమధ్యనున్న 9 మైక్రాన్ల దారిలో. ఆ ఇద్దరిలో ఒకతను ఒక పోగు తీసి రంగు పూత గీకేశాడు. స్పిరిట్ తడిపిన కాగితంతో తుడిచి, క్లీవర్ అనే చిన్న పరికరంలో పెట్టి కొస తిన్నగా తెగేలా నొక్కాడు. అవతలి ముక్కకూ అంతే చేసి, రెండు కొసల్నీ స్ప్లైసింగ్ మిషన్‌లో ఎదురెదురుగా పెట్టాడు. తెర మీద రెండు గాజు కొసలు స్తంభాలంత లావుగా కనిపించాయి. చిటుక్కున ఒక మెరుపు. గాజు కరిగి గాజులో కలిసిపోయింది. తెర మీద 0.01 అని అంకె. వెయ్యి వంతుల వెలుతురు వస్తే ఆ అతుకు దగ్గర పోయేది రెండు వంతులే అని దానర్థం. ఇలాంటివి ఇంకా ఇరవై మూడు చెయ్యాలి.

ఏడెనిమిది కిలోమీటర్ల కేబుల్ మట్టిలో ఉంటే, తెగింది సరిగ్గా ఇక్కడేనని ఎలా తెలిసిందని అడిగాను. "ఓటీడీఆర్ కొట్టినం సార్, ఏడు కిలోమీటర్ల నాలుగొందల మీటర్లకు చూపించింది" అన్నాడు. ఆ పరికరం చేసే పని బావిలో రాయి వేసి చప్పుడు కోసం చెవి ఒగ్గడం లాంటిదే. గాజులోకి ఒక వెలుతురు తునక పంపిస్తుంది. తెగిన చోట కొంత వెలుతురు వెనక్కి తిరిగి వస్తుంది. గాజులో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు నడుస్తుంది, అంటే కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు. పోయి రావడానికి 74 మైక్రోసెకన్లు పట్టిందంటే తెగింది 7.4 కిలోమీటర్ల దూరంలో. సెకనులో పది లక్షల వంతులను లెక్కపెట్టి, మట్టి కింద గుంత ఎక్కడ తియ్యాలో చెప్పేస్తుంది.

తర్వాత అసలు సంగతి అడిగాను. ఒక పక్క తెగితే ఇంకో పక్క నుంచి రావాలి కదా?

"ఇది రింగ్‌లో లేదు సార్. సింగిల్ లైన్."

ఒక ఊరి నెట్‌వర్క్ బాగుందో లేదో తేల్చేది ఈ మాటే. మనం వేగం గురించి అడుగుతాం, ఎంబీలు అడుగుతాం, నెలకు ఎంత అని అడుగుతాం. దారులు ఎన్ని అని అడగం.

ఒక గదిలోనో ఒక ఆఫీసులోనో కంప్యూటర్లను కలిపేది లాన్. దేశాలను కలిపేది వాన్. ఈ రెంటి నడుమ, ఒక పట్టణం మేరకు విస్తరించేది మాన్, అంటే మెట్రోపాలిటన్ ఏరియా నెట్‌వర్క్. తెలుగులో పట్టణ జాలం అనుకోవచ్చు. 1980లో ఐఈఈఈ సంస్థ ఇలాంటి జాలాల ప్రమాణాల కోసం ఒక కమిటీని వేసింది. దాని పేరులోనే లాన్‌తో పాటు మాన్ కూడా ఉంది. పట్టణాల కోసమే ప్రత్యేకంగా ఆ కమిటీ 1990లో 802.6 అనే ప్రమాణం తెచ్చింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో పుట్టిన ఆలోచన అది. రెండు తీగలు ఎదురెదురు దిక్కుల్లో పారుతుంటే, వాటి పక్కనున్న ప్రతి ఆఫీసూ వరుసలో తన వంతు కోసం ఆగి సమాచారం ఎక్కించేది. అది ఎక్కువ కాలం నిలవలేదు. ఆఫీసు గదుల కోసం 1973లో పుట్టిన ఈథర్నెట్, చవకగా ఉండడం వల్ల, గది దాటి వీధిలోకి, వీధి దాటి ఊరి మీదికి వచ్చేసింది. ఇప్పుడు ఊళ్లలో నడిచేది ఎక్కువగా అదే. ప్రమాణం పోయినా, రెండు దిక్కులు ఉండాలన్న ఆలోచన మాత్రం మిగిలింది.

సింగిల్ లైన్ అంటే గొలుసు, రింగ్ అంటే వలయం. ఈ రెంటికీ తేడా ఏమిటో ఈ నిజామాబాద్ జిల్లా వాళ్లకు ఒక ఎన్నిక చూపించింది. 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీ చేశారు. పసుపు, ఎర్రజొన్న రైతులు తమ గోడు దేశానికి వినిపించాలని పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేశారు. ఒక బ్యాలెట్ యూనిట్ మీద 16 పేర్లే పడతాయి కాబట్టి, నోటాతో కలిపి 186 గడులకు ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు వరసగా పెట్టారు. ఎం-3 రకం యంత్రంలో ఇలా 24 దాకా తగిలించవచ్చు. మొదటి దాని తోకకు రెండోది, రెండోదాని తోకకు మూడోది. బయటి ఏ నెట్‌వర్క్‌తోనూ దానికి సంబంధం ఉండదు, అది వేరే సంగతి. నేను చెప్పేది ఆ తీగ రూపం గురించి. గొలుసులో ఐదో దాని దగ్గర తీగ ఊడితే ఆరు నుంచి పన్నెండు దాకా అన్నీ మూగబోతాయి. ఒకే గదిలో, కళ్లెదుట ఉన్న గొలుసైతే చెయ్యి చాచి సరిచెయ్యవచ్చు. ఊరి మీద పరిచిన గొలుసైతే రాత్రి పదింటికి గుంత తవ్వాలి.

ఆ గొలుసు చివరిదాన్ని తెచ్చి మొదటిదానికి కలిపితే అదే వలయం. ఆర్మూరు పటం ముందు పెట్టుకొని ఒక వలయం గీద్దాం. మున్సిపల్ ఆఫీసు, బస్టాండు, ప్రభుత్వ ఆస్పత్రి, పెర్కిట్, మామిడిపల్లి, కోటార్మూరు: ఒక్కో చోట ఒక్కో స్విచ్ పెట్టి, చుట్టూ తిప్పి, మొదలుకే కలుపుదాం. ఇప్పుడు ఆస్పత్రికి పెర్కిట్ మీది నుంచి ఒక దారి, బస్టాండు మీది నుంచి ఇంకో దారి. పెర్కిట్ దగ్గర తెగితే దాని రెండు పక్కలా ఉన్న స్విచ్‌లు వెలుతురు ఆగిపోయిందని వెంటనే గుర్తిస్తాయి, సమాచారాన్ని వెనక్కి తిప్పి అవతలి దారిన పంపిస్తాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను కలిపే పాత ఎస్‌డీహెచ్ వలయాల్లో ఈ మళ్లింపు 50 మిల్లీసెకన్లలో పూర్తి కావాలని నియమం. సెకనులో ఇరవయ్యో వంతు. ఫోన్లో మాట్లాడేవాడికి ఒక చిన్న చిటపట తప్ప ఏమీ తెలియదు. కేబుల్ తెగిందన్న కబురు కంపెనీకి తెలుస్తుంది, ఊరికి తెలియదు. నాకు ఇంజినీరింగులో ఇంతకన్నా మర్యాదైన పని కనిపించలేదు.

వలయం అన్న పేరుంటే చాలదు. కాగితం మీద గుండ్రంగా గీసి, నేల మీద రెండు దారులనూ ఒకే కందకంలో వేస్తే అది వలయం కానే కాదు. జేసీబీ ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. ఖర్చు తగ్గుతుందని ఇలా చేసే చోట్లు చాలా ఉన్నాయి. అందుకే రెండో దారి వేరే నేల మీదుగా రావాలి. ఈ విషయంలో ఆర్మూరు అదృష్టవంతమైన ఊరు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు పోయే 63వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. నిర్మల్, నిజామాబాద్, మెట్‌పల్లి, హైదరాబాద్, నాలుగు దిక్కులకూ రోడ్డుంది. 2017 నాటికి పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం కూడా పూర్తయింది. కేబుళ్లు సాధారణంగా రోడ్ల పక్కన పడుకుంటాయి. రైల్వే వాళ్లు పట్టాల వెంట వేస్తారు, ఆ పని కోసమే 2000లో రైల్‌టెల్ సంస్థ ఏర్పడింది. ఇంకో దారి మన తల మీద ఉంది. హై టెన్షన్ టవర్ల కొసన, అన్ని తీగలకన్నా పైన పిడుగుల కోసం కట్టే తీగ ఉంటుంది చూడండి, చాలా లైన్లలో ఆ తీగ కడుపులో గాజు పోగులున్నాయి. రోడ్డు తవ్వినవాడికి రైలు కట్ట అందదు, రైలు కట్ట తవ్వినవాడికి టవర్ అందదు. నిజమైన వలయానికి కావలసింది ఇదే.

ఇక గాలిలో దారి. సెల్ టవర్ల మీద డోలులా గుండ్రంగా కనిపించేవి ఎదుటి టవర్‌తో మాట్లాడే మైక్రోవేవ్ యాంటెన్నాలు. తవ్వకాలతో పని లేదు, కానీ ఒకదానికి ఒకటి కనపడాలి. ఆర్మూరు పక్కనున్న సిద్ధులగుట్ట రాళ్లు అడ్డం వస్తే అంతే. గట్టి వానకు సిగ్నల్ పలచబడుతుంది. గుట్టలున్న ఊళ్లో ఇది మంచి తోడు, కానీ దీని ఒక్కదాని మీదే ఊరిని నిలబెట్టలేం.

వలయం ఊరి నడిమి రోడ్ల సంగతి. అక్కడి నుంచి మన గడప దాకా వచ్చేది వేరే ఏర్పాటు. దాన్ని అర్థం చేసుకోవడానికి శ్రీరాంసాగర్ ఆయకట్టు రైతుకు నేను కొత్తగా చెప్పాల్సింది తక్కువే. పోచంపాడు దగ్గర 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు కాలువల కింద వారబందీ అందరికీ తెలుసు. నీళ్లు చాలనప్పుడు ఒక తూముకు కొన్ని రోజులు, ఇంకో తూముకు కొన్ని రోజులు. ఇంటికి వచ్చే ఫైబర్‌లోనూ అదే పద్ధతి. కేబుల్ ఆఫీసులో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాని నుంచి బయల్దేరిన ఒక్క గాజు పోగు వీధి స్తంభం మీద స్ప్లిట్టర్ దగ్గర 32గానో 64గానో చీలుతుంది. ఆ స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు, అది ఉత్త గాజు. కాలువ తూముల్లాగే వెలుతురును పంచుతుంది, అంతే. కిందికి వచ్చేటప్పుడు అందరి సమాచారమూ అందరి ఇళ్లకూ వస్తుంది. ప్రతి ఇంటి పెట్టె తన పేరున్నది తీసుకొని తక్కినది వదిలేస్తుంది, ఒకరిది ఇంకొకరు చదవకుండా రహస్య సంకేతంలో ఉంటుంది. మామూలుగా వాడే జీపాన్ పద్ధతిలో కిందికి సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు, ఇళ్లన్నిటికీ కలిపి. అందుకే సాయంత్రం ఏడింటికి వీధంతా సినిమా పెడితే నెట్ మందగిస్తుంది.

పైకి పంపేటప్పుడే వారబందీ. రెండు ఇళ్ల వెలుతురు ఒకేసారి స్ప్లిట్టర్ దగ్గర కలిస్తే రెండూ పాడవుతాయి. కాబట్టి ఓఎల్‌టీ ఒక్కో ఇంటికి వంతు చెబుతుంది. సెకనును 8,000 వంతులు చేసి, ఒక్కో వంతులో ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయిస్తుంది. ఇక్కడే నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. కాలువ కింద చివరి ఆయకట్టు రైతు గోస అందరం చూసిందే. మొదట్లో ఉన్నవాళ్లకు నీళ్లు, చివర్లో ఉన్నవాళ్లకు ఎదురుచూపులు. ఫైబర్‌లో కూడా పది కిలోమీటర్ల అవతలి ఇంటి వెలుతురు, వంద మీటర్ల ఇంటిదాని కన్నా ఆలస్యంగానే చేరుతుంది. ఓఎల్‌టీ మొదట ప్రతి ఇంటికీ దూరం కొలుస్తుంది, తర్వాత దగ్గరివాళ్లను ఆ మేరకు ఆగమంటుంది. అప్పుడు ఇరవై కిలోమీటర్ల చివరన ఉన్న ఇల్లు, ఆఫీసు గోడ పక్కనున్న ఇల్లు ఒకే దూరంలో ఉన్నట్టు లెక్క. చివరి తూముకు నీళ్లు అందించే న్యాయం యంత్రంలోనే రాసి పెట్టారు.

ఈ దారుల మీద నడిచేది ఏమిటి? పసుపుతోనే మొదలుపెడదాం. ఆర్మూరు, బాల్కొండ పల్లెల పసుపు ఎక్కువగా చేరేది నిజామాబాద్ శ్రద్ధానంద్ గంజ్‌కు. కొందరు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకుపోతారు. 2016 ఏప్రిల్ 14న జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఇ-నామ్ మొదలైనప్పుడు 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. ఆ వ్యవస్థ సాఫ్ట్‌వేర్ బాధ్యత తీసుకున్నది హైదరాబాద్‌కు చెందిన నాగార్జున ఫెర్టిలైజర్స్. రైతు గేటు దగ్గర వివరాలు చెబితే లాట్ నంబరు వస్తుంది. కుప్ప పోసిన కొమ్మునూ మండనూ ఖరీదుదారులు చేత్తో విరిచి, లోపలి రంగు చూసి, ధర మాత్రం ఫోన్లోనో కంప్యూటర్లోనో వేస్తారు. గడువు ముగిశాక కంప్యూటర్ అన్ని ధరలనూ పోల్చి ఎక్కువ వేసినవారెవరో చెబుతుంది, రైతుకు మెసేజ్ పోతుంది. ఒక్కో ధర కొన్ని వందల అక్షరాల సమాచారం, ఒక ఫొటోలో వెయ్యో వంతు. దానికి గిగాబిట్ వేగం అక్కర్లేదు. గడువు ముగిసే ఆ పది నిమిషాల్లో దారి తెగకుండా ఉండాలి, అంతే కావాలి. ధర వేద్దామనుకున్న నలుగురిలో ఇద్దరి ఫోన్లు ఆ క్షణంలో మూగబోతే, ఆ రైతు ఏడాది కష్టానికి పోటీ పడేది ఇద్దరే. రెండో దారి విలువ ఎంత అని ఎవరైనా అడిగితే ఆ కుప్ప దగ్గర నిలబెట్టి చూపించాలి.

ఊరి మేరకే ఉండాల్సిన సమాచారమూ చాలా ఉంది. చౌరస్తాల్లో కెమెరాలు తీసుకోండి. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపుతుందనుకుంటే వంద కెమెరాలకు 400 మెగాబిట్లు, రాత్రింబవళ్లు. ఆ వీడియో చూడాల్సిన పోలీస్ స్టేషన్ అదే ఊళ్లో ఉంది. దాన్ని హైదరాబాద్ పంపి తిరిగి తెప్పించుకోవడం అర్థం లేని పని. పట్టణ జాలం ఉంటే ఆ బరువంతా ఊళ్లోనే తిరుగుతుంది, బయటి దారి ఖాళీగా ఉంటుంది.

మన ఫోన్లలో జరిగేది దీనికి పూర్తిగా వేరు. ఆర్మూరులో ఒకాయన ఐదారు కిలోమీటర్ల దూరంలోని అంకాపూర్‌కు దేశీకోడి కూర కావాలని మెసేజ్ పెట్టాడనుకోండి. ఆయనదొక కంపెనీ సిమ్, వంటాయనది ఇంకో కంపెనీది. ఆ మాట హైదరాబాద్ పోతుంది, అక్కడి నుంచి ఆ యాప్ సర్వర్ ఎక్కడుంటే అక్కడికి పోతుంది. ముంబై కావచ్చు, సముద్రం అవతల కావచ్చు. మళ్లీ అదంతా తిరిగి వచ్చి అంకాపూర్‌లో మోగుతుంది. సమయం పెద్దగా పోదు. హైదరాబాద్ పోయి రావడానికి గాజులో రెండు మిల్లీసెకన్లు చాలు. కానీ బయటి దారి తెగిన రోజు, ఆర్మూరుకూ అంకాపూర్‌కూ నడుమ గాజు చెక్కుచెదరకుండా ఉన్నా, పక్కపక్క ఊళ్ల వాళ్లు మాట్లాడుకోలేరు. కంపెనీలు తమ మధ్య సమాచారాన్ని దగ్గర్లోనే మార్చుకోవడానికి 2003లో నిక్సీ అనే సంస్థను పెట్టారు, హైదరాబాద్‌లో దాని కూడలి ఉంది. అలాంటి కూడలి జిల్లా కేంద్రాల దాకా దిగి రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

తెలుగువాళ్లకు ఊరంతటినీ ఒక తీగ మీదికి తేవడం కొత్త కాదు. 1999 డిసెంబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ట్విన్స్ పేరుతో ఒక కౌంటర్ తెరిచారు. జంటనగరాల కరెంటు బిల్లు, నీటి బిల్లు, టెలిఫోన్ బిల్లు, ఆస్తిపన్ను, అన్నీ ఒకే కిటికీ దగ్గర. వేర్వేరు శాఖల కంప్యూటర్లను నగరం మీదుగా కలిపితేనే అది సాధ్యమైంది. 2001లో అదే ఈ-సేవ అయింది, తర్వాత మీసేవ దారి అక్కడి నుంచే పడింది. నాలుగు ఆఫీసుల ముందు నాలుగు క్యూల్లో సెలవు పెట్టి నిలబడిన తరానికి ఆ కిటికీ ఎంత పెద్ద ఊరటో ఇప్పుడు చెప్పినా నమ్మడం కష్టం.

పల్లెలకు గాజు తేవాలని కేంద్రం 2011 అక్టోబరులో ఒక పథకానికి ఆమోదం తెలిపింది, తర్వాత దాని పేరు భారత్‌నెట్. మొదటి దశలో మండల కేంద్రం నుంచి పంచాయతీకి ఉన్న కేబుల్‌కే అతుకు వేసుకుంటూ పోయారు. అంటే తోకలు. పెర్కిట్ గుంత దగ్గర కుర్రాడు చెప్పిన సింగిల్ లైన్లే, దేశమంతటా. తెగడం, రోజుల తరబడి బాగుకాకపోవడం, పంచాయతీ ఆఫీసులో పెట్టె దుమ్ము పట్టడం. 2023 ఆగస్టులో కేంద్రం రూ. 1,39,579 కోట్లతో సవరించిన పథకాన్ని ఆమోదించింది. అందులో ముఖ్యమైన మార్పు మండలం నుంచి పంచాయతీల దాకా తోకలను వలయాలుగా మార్చడం. పన్నెండేళ్లు పట్టింది ఆ ఒక్క మాట ఒప్పుకోవడానికి. తెలంగాణ టీ-ఫైబర్ తన గొట్టాలను మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే వేసింది. తవ్వకం ఖర్చు కలిసొచ్చింది, కానీ పైపు బాగుచేసే ప్రతిసారీ కేబుల్‌కు గండం. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద తీగ లాగి త్వరగా ఊళ్లు కలిపింది, దానికి తుపాను గండం. ఏ దారికి ఆ దారి ప్రమాదం ఉంది. రెండు దారుల ప్రమాదాలు ఒకే రోజు రాకుండా చూసుకోవడమే ఈ విద్యలో ఉన్నదంతా.

రాత్రి ఒంటిగంట దాటింది. ఇరవై నాలుగో పోగు కూడా అతికింది. వాటన్నిటినీ ఒక నల్ల డబ్బాలో చుట్టలుగా సర్ది మూత బిగించాడు. ఫోన్ తీసి ఎవరినో లేపాడు. "అన్నా, ఇంట్ల డబ్బా మీద ఎర్రలైటు పోయిందా? పవర్ ఎంత చూపిస్తుంది?" అవతలి నుంచి మైనస్ ఇరవై ఒకటి అని వచ్చింది. ఒక వాట్‌ను పది లక్షల వంతులు చేస్తే అందులో ఎనిమిది వంతుల వెలుతురు అది. ఒక ఇంటికి అంత చాలు. మిగిలిన కేబుల్ కొయ్యకుండా, పదిహేను మీటర్ల దాకా చుట్ట చుట్టి గుంత అడుగున పెట్టి మట్టి తోస్తున్నాడు. అంత ఎందుకని అడిగాను.

"మళ్ల ఈడనే తవ్వుతరు సార్. అప్పుడు గుంజుకోనీకి ఉండాలె."